14 ఇళ్ల సంఘం

మా సంఘంలో 14 ఇళ్లు ఉన్నాయి. చిన్నా పెద్దా అందరినీ లెక్కేసినా 60 మందికి మించం. తునికాకు రోజుల్లో ఆదివారం ఆరాధనకు 20 మంది వస్తే గొప్ప. పట్టణంలో చదువుకుంటున్న మా పిల్లలు అక్కడి పెద్ద చర్చీలు చూసి వచ్చి, "మనది మరీ చిన్నది" అంటుంటారు. మైకులు, కీబోర్డులు, తెర మీద పాటలు చూసిన కళ్లకు రేకుల కప్పు కింద చాప మీద కూర్చోవడం నామోషీగా ఉంటుంది. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. చిన్న సంఘంలో ఒక సంతోషం ఉంది. అక్కడ ప్రతి మనిషితోనూ పని ఉంటుంది. ఒక్కరు రాకపోయినా తెలిసిపోతుంది.

మాది శబరి ఒడ్డున కోయ గూడెం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లో ఉంది. కోయలలో క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. దుమ్ముగూడెం ఆనకట్ట పనుల్లో ఇంజనీరుగా ఉన్న హేగ్ 1860 ప్రాంతంలో అక్కడ మిషన్ పని మొదలుపెట్టించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని దాని గురించి రాశాడు. సువార్త భాగాలు 19వ శతాబ్దంలోనే కోయలో అచ్చయ్యాయి. 1912లో దోర్నకల్ బిషప్‌ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు. పల్లె సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని ఆయన పట్టుబట్టాడు. మా 14 ఇళ్లూ చేస్తున్నది అదే.

మా పాస్టర్ గారు అయిదు గూడేలు చూసుకోవాలి. నెలలో రెండు ఆదివారాలే మా దగ్గరికి రాగలరు. మిగతా ఆదివారాలు మేమే నడుపుకుంటాం. ఇప్ప చెట్టుకు వేలాడదీసిన ఇనుప ముక్కను ఒక పిల్లాడు కొడతాడు. అదే మా గంట. చాపలు పరిచేది ఒకరు, కంజర వాయించేది ఒకరు. మా మేనత్తకు చదువు రాదు, కానీ పాటలన్నీ నోటికి వచ్చు. ఆమె ఎత్తుకుంటే తప్ప పాట మొదలవదు. ప్రార్థన మాత్రం ఎక్కువ మంది కోయలోనే చేస్తారు. జ్వరం, అప్పు, పోడు చేను, తాగొచ్చే కొడుకు... ఇవన్నీ తెలుగులో చెప్పాలంటే వాళ్లకు నోరు రాదు.

వాక్యం చదివేది పిల్లలు. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని గమనించాలి. బడిలో తెలుగు పుస్తకం ముందు నోరు విప్పని పిల్ల, ఇక్కడ 30 మంది ముందు నిలబడి చదువుతుంది. మాట తడబడితే పక్కనున్న పెద్దమ్మ అందిస్తుంది, ఎవరూ నవ్వరు. చదివినదాన్ని తర్వాత ఒక పెద్దాయన కోయలో చెబుతాడు. దాంతో ఆ పిల్లకు తాను చదివింది ఏమిటో అర్థమవుతుంది.

మా కానుకల్లో ముఖ్యమైనది పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి వస్తాయి. బాలింతకూ, మంచాన పడ్డ వాళ్లకూ అందులోంచే ఇస్తాం. కొంత అమ్మి రేకులు కొన్నాం. నెల మొదటి ఆదివారం ఇంటర్ చదివే అమ్మాయి లెక్క పైకి చదువుతుంది. ఎవరైనా లేచి అడగవచ్చు. పంచాయతీలో లెక్క అడిగే ధైర్యం మా ఆడవాళ్లకు అక్కడే వచ్చింది.

సంఘంలో చేరితే ఊరికి దూరమవుతారని కొందరు అంటారు. మా గూడెంలో 70 ఇళ్లున్నాయి. ప్రార్థనకు రాని ఇళ్లలో కూడా మా అన్నదమ్ములూ మేనమామలూ ఉన్నారు. ఎవరు వరసకు అన్న, ఎవరింటికి పిల్లను ఇవ్వవచ్చు అన్న కట్టు మారలేదు. షెడ్యూల్డ్ తెగల గుర్తింపుకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం షరతు పెట్టలేదు. విజ్జ పండుంలో మేము పూజకు కూర్చోం, కానీ దుక్కికీ విత్తుకూ ఒకరికొకరం సాయం పోతాం. ఒకసారి బయటి నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన, ప్రార్థనకు రాని బంధువుల దినాలకు వెళ్లవద్దన్నాడు. మా సంఘ పెద్ద మర్యాదగా విన్నాడు. "అయ్యా, మా శవాన్ని మోసేది కూడా వాళ్లే" అన్నాడు. ఆ వారంలోనే ఒక ఇంట్లో దినం వచ్చింది. అందరం కట్టెలూ బియ్యమూ తీసుకుని వెళ్లాం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని మా గూడెం మునిగింది. అందరం గుట్ట ఎక్కాం. టార్పాలిన్ల కింద ఉండగానే ఆదివారం వచ్చింది. పాటల పుస్తకాలు నీళ్లలో పోయాయి. మేనత్త ఎత్తుకుంటే పాడాం. ప్రార్థనకు ఎన్నడూ రాని బావలు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. సంఘం బియ్యం మూటను ముందే మోసుకొచ్చారు కాబట్టి, ఆ రోజు గంజి 70 ఇళ్ల వాళ్లకీ అందింది. వరద తీశాక చర్చిలో మోకాలి లోతు బురద. దాన్ని ఎత్తిపోసిన వాళ్లలో సగం మంది సంఘస్థులు కారు.

ఇప్పుడు మా గూడెం పోలవరం ముంపులో ఉంది. మూడు ఇళ్లు ఇప్పటికే వేరే చోటికి వెళ్లాయి. మిగిలినవీ తలో కాలనీకి చెదురుతాయని పెద్దవాళ్ల బెంగ. నదినీ ఇప్ప చెట్టునూ మనం మోసుకుపోలేం. పిల్లలారా, మోసుకుపోగలిగినవి కొన్ని ఉన్నాయి. కొత్త కాలనీలో మన ఇళ్లు మూడే ఉన్నా, ఆదివారం ఒక వాకిట్లో చాప పరవండి. కోయలో ప్రార్థించండి. చిన్నపిల్లల చేత చదివించండి. రాని వాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో అడగండి. పక్కింటివాళ్లు ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లయినా వాళ్లింట్లో చావు జరిగితే బియ్యం పట్టుకుని వెళ్లండి. ఆ బియ్యానికి డబ్బా ఈ రోజే పొయ్యి పక్కన పెట్టుకోండి.