అరుగు మీది రైలు

మా ఇంటికి వచ్చే పై ఊరి చుట్టాలు కాఫీ పుచ్చుకుంటూ తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: "మీ అమలాపురానికి రైలు ఎప్పుడండీ?"

నాకిప్పుడు డెబ్భై మూడేళ్లు. నా చిన్నతనంలో మా నాన్నగారు ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పేవారో, నేనూ అదే చెబుతున్నాను: "వస్తుందటండీ."

రైలు మాకు బొత్తిగా ఎరగని వస్తువేమీ కాదు. గౌతమికి అవతలి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా 1928లోనే కాకినాడ నుంచి లైను వేశారు. మావాళ్లు ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, కోటిపల్లిలో దిగి, అక్కడ రైలెక్కి దర్జాగా కాకినాడ వెళ్లేవారు. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో ఆ పట్టాలు కాస్తా పీకి పట్టుకుపోయారు. మళ్లీ అక్కడ రైలు నడిచేసరికి 2004 అయింది. మా మేనత్త తన ఎనిమిదో ఏట, పట్టాలు పీకడానికి కొద్ది నెలల ముందు, ఆ రైలెక్కింది. ఇప్పుడావిడకు తొంభై మూడు. ఆ ప్రయాణం గురించి ఎప్పుడడిగినా కంట్లో పడ్డ బొగ్గు నలుసు గురించే చెబుతుంది.

ఇక కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-2001 బడ్జెట్టులో మంజూరైంది. దానికోసం పాటుపడిన మా పార్లమెంటు సభ్యుడు, లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ - మూడు పాయలు దాటితేగాని ఆ రైలు నరసాపురం చేరదు. నదిలో స్తంభాలు లేచాయి. రైలు మాత్రం ఇంకా "అట"లోనే ఉంది.

ఇలాంటి ఊళ్లో పుట్టినందుకేమో, మావాడికి చిన్నప్పటినుంచీ రైళ్ల పిచ్చి. రాజమండ్రి తీసుకువెడితే గోదావరి స్నానం మాట దేవుడెరుగు, వంతెన మీద వెళ్లే గూడ్సు బండికి పెట్టెలెన్నో లెక్కపెట్టేదాకా కదిలేవాడు కాదు. పెద్దవాడై, కంప్యూటరు ఉద్యోగం మీద ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో స్థిరపడ్డాడు. పెళ్లయింది, ఒక పాప కూడాను. పిచ్చి తగ్గిందనుకున్నాను. తగ్గలేదు, అద్దాల బీరువాలోకి చేరింది.

ఒకనాడు ఫోనులో ఆ బీరువా చూపించాడు. జానెడేసి ఇంజనులు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఐర్లండు రైల్వేలో నడిచినవాటి నకళ్లే. అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన, తలుపు పిడితో సహా చేసినవి. 1961లో అమెరికా నుంచి వచ్చిన ఇంజనుకు డ్రైవరు గది ఒక వైపే ఉండేదట. వెనక్కి తిప్పడానికి తిరుగుడు బల్ల కావలసి వచ్చేదట. మరుసటేడు వచ్చినవాటికి రెండు వైపులా గదులు పెట్టారట. మా అబ్బాయి ఈ సంగతులు చెబుతూంటే ఇంటి పేర్లూ గోత్రాలూ చెప్పే పురోహితుడే గుర్తుకొచ్చాడు.

"ఇదుగో, ఇది చూడండి నాన్నగారూ, 201 తరగతి. 1994లో వీటిలో మొదటిదాన్ని కెనడా నుంచి విమానంలో తెచ్చారు" అన్నాడు.

"రైలింజన్ని విమానంలోనా?"

"అవును. ఈ తరగతి ఇంజనులన్నిటికీ నదుల పేర్లే. షానన్, లిఫీ, బోయిన్... ఒక పక్క ఇంగ్లీషులోనూ, రెండో పక్క ఐరిష్ భాషలోనూ రాస్తారు."

నాకు మనసులో ఎక్కడో చురుక్కుమంది. మాకు నదులు రైలుకు అడ్డం. వాళ్లకు నదులే రైలుకు పేర్లు.

అంతవరకూ బాగానే ఉంది. తరువాత చెప్పిన మాటతోనే పేచీ వచ్చింది. బీరువాలో లేని ఒక పాత డీజిల్ ఇంజను కోసం తనలాంటివాళ్లు కొందరు కలిసి ముందుగానే డబ్బు వేసుకుంటున్నారట. దాన్ని క్రౌడ్ ఫండింగ్ అంటారట.

"అంటే చందా" అన్నాను.

"చందాయే. కాని తగినంతమంది చేరితేనే పని మొదలుపెడతారు."

అందులోని కిటుకు వాడే విప్పి చెప్పాడు. బొమ్మ చెయ్యాలంటే ముందు ఉక్కుతో అచ్చు పోయించాలి. వంద బొమ్మలు తీసినా, అయిదువేలు తీసినా అచ్చు ఖర్చు ఒక్కటే. ఇంగ్లండు ఇంజనైతే కొనేవాళ్లు వేలమంది ఉంటారు. ఐర్లండు చిన్నదేశం, పెద్ద కంపెనీలకు గిట్టుబాటు కాదు. అందుకే వెనుకటి రోజుల్లో ఐరిష్ ఇంజను కావాలంటే ఇత్తడి రేకులూ సీసం ముక్కలూ కొనుక్కుని, రాత్రిళ్లు కూర్చుని అతుకులు వేసి, ఎవరి రంగు వాళ్లు పూసుకోవలసి వచ్చేది. తరువాత మర్ఫీ మోడల్స్, ఐరిష్ రైల్వే మోడల్స్ వంటి సంస్థలు అక్కడివాళ్ల కోసమే "రెడీ టు రన్" ఇంజనులు చేయించాయి. అంటే పెట్టెలోంచి తీసి పట్టాల మీద పెడితే చాలు, పరుగెడుతుందన్నమాట. ఎవరూ చెయ్యనివి మిగిలితే ఇదుగో, ఇలా చందాలు.

పట్టాల సంగతి మరీ తమాషా. ఐర్లండులో పట్టాల మధ్య ఎడం అయిదడుగుల మూడంగుళాలు. మనది అయిదున్నర అడుగులు. వాళ్ల లెక్కన బొమ్మ పట్టాలకు 21 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. బజారులో దొరికేవి 16.5 మిల్లీమీటర్లవి. అందుకని ఐరిష్ ఇంజను కాళ్లు దగ్గరగా ముడుచుకుని ఆ పట్టాల మీదే నడుస్తుంది.

"పరాయి పట్టాల మీద నడిచే బొమ్మకు, అదీ ఇంకా పుట్టని బొమ్మకు, డబ్బు కడతావా? ఆ డబ్బుతో ఇక్కడ రెండు నెలల కిరాణా వెళ్లిపోతుంది" అన్నాను. వాడు ఊరుకోలేదు, నేనూ తగ్గలేదు. మా ఆవిడ ఫోను లాక్కుని మనవరాలి జలుబు గురించి అడగడంతో ఆ పూటకు యుద్ధం ఆగింది.

నా కోపానికి కారణం కిరాణా కాదని మా ఆవిడకు తెలుసు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరదలో నేను పనిచేసే పల్లెటూరి బడిలో పుస్తకాలన్నీ నాని ముద్దయిపోయాయి. కొత్త బీరువా, పుస్తకాలు కొందామని చందా పుస్తకం పట్టుకుని నేనే బయలుదేరాను. కావలసింది అయిదువేలు. నలభై మూడు పేర్లు రాశాను. పోగైంది 1,870 రూపాయలు. కొబ్బరికాయలు దింపే మనిషి కూడా రెండు రూపాయలు ఇచ్చాడు. మిగతాది పోగవుతుందని చూస్తూండగానే నాకు బదిలీ అయింది. డబ్బు తపాలా కార్యాలయంలో వేసి వెళ్లిపోయాను. వచ్చే ఏడు చూద్దామనుకున్నాను. ఆ ఏడు రాలేదు.

ఆ డబ్బులో పైసా ముట్టలేదు. కాని ఆ నలభై మూడుమందికీ ఏ సంగతీ చెప్పలేదు. వాళ్లలో ఎవరైనా సంతలో ఎదురైతే పక్కసందులోకి తిరిగిపోయేవాణ్ణి. 1996 నవంబరు తుపానులో మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి గాని, పెట్టె అడుగునున్న ఆ చందా పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. కొన్నిటికి ఆయుష్షు ఎక్కువ.

మావాడి ఇంజను ఏడాదిలో వస్తుందన్నారు, రాలేదు. రెండో ఏడూ గడిచింది. "ఏమిరా, ఇంజను ఎందాకా వచ్చింది?" అని ప్రతి ఆదివారం అడిగేవాణ్ణి. అడగడంలో నాకు కొంత ఆనందం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

వాడు మాత్రం కలతపడేవాడు కాదు. చందా నడిపేవాళ్ల దగ్గరనుంచి నెలనెలా ఉత్తరం వచ్చేదట. ఒకటి రెండు నాకు చదివి వినిపించాడు. చైనా నుంచి మొదటి నమూనా వచ్చింది, కిటికీ అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంది, అచ్చు దిద్దిస్తున్నాం, మరి మూడు నెలలు ఆలస్యం. ఇంకో నెల: రంగు సరిగా కుదరలేదు, తిప్పి పంపాం, తప్పు మాదే, డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకు ఇచ్చేస్తాం.

"ఎంతమంది వెనక్కి తీసుకున్నారు?" అన్నాను.

"ఎక్కడో ఒకరిద్దరు. ఎక్కడుందో తెలుస్తూంటే ఎదురుచూడ్డం కష్టమేమీ కాదు నాన్నగారూ."

ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో ఏడు సంక్రాంతికి వాడు కుటుంబంతో వచ్చాడు. పెట్టెలో మనవరాలి గౌనుల మధ్య రెండు ఇంజనులు, పట్టాల ముక్కలు, విద్యుత్తు అందించే చిన్న పెట్టె. భోగినాడు మధ్యాహ్నం వీధి అరుగు కడిగి ఆరబెట్టి, దాని మీద పట్టాలు గుండ్రంగా పరిచాడు. వీధిలో పిల్లలంతా పోగయ్యారు. మా మేనత్తను కుర్చీతో సహా తెచ్చి దగ్గరగా కూర్చోబెట్టాం.

చందా ఇంజను కదిలింది. ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. అమలాపురంలో రైలు నడవగా చూడడం నాకదే మొదటిసారి. నవ్వుదామనుకున్నాను గాని గొంతు సహకరించలేదు.

అత్తయ్యకు చూపు బాగా తగ్గింది. ఇంజన్ని ఆపి ఆమె చేతిలో పెట్టాడు మావాడు. తలనుంచి తోకదాకా తడిమి, "పొగగొట్టం ఏదిరా?" అంది.

"ఇది డీజిలింజను మామ్మా, పొగగొట్టం కనపడదు."

"అయితే కంట్లో నలుసు పడదు" అంది. కాసేపాగి, "మా నాన్న ఉత్తరీయం కొసతో తీశాడురా" అంది. ఎనభై అయిదేళ్లుగా ఆ నలుసు కబురు చెబుతూ, తీసినవారెవరో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కనుమ వెళ్లిన మర్నాడు నేను పెట్టె అడుగునుంచి చందా పుస్తకం తీశాను. నలభై మూడుమందిలో పదిహేడుగురు బతికి ఉన్నారని తేలింది. తపాలా పాసుపుస్తకం, వడ్డీ లెక్క పట్టుకుని, మావాడి మోటారు సైకిలు వెనక కూర్చుని, ఒక్కొక్క గుమ్మమే ఎక్కాను. ముప్ఫై తొమ్మిదేళ్ల క్రితం రాయవలసిన ఉత్తరం నోటితో అప్పగించడం ఎంత కష్టమో చెప్పలేను. వాళ్లలో ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు. అందరి మాటా ఒకటే, బడికే ఇచ్చేయమని. ఇచ్చేశాను.

కొబ్బరికాయలు దింపే ఆయన ఇప్పుడు చెట్టెక్కలేడు. లెక్కంతా విని నవ్వాడు. "రెండు రూపాయలు నాకెప్పుడో మరుపొచ్చిందండి మాస్టారూ. మీరు పలకరించడం మానేశారని మాత్రం గుర్తుందండి, ఆయ్" అన్నాడు.

మావాడు తిరిగి వెళుతూ నదిపేరు ఇంజన్ని నా దగ్గరే ఉంచాడు. అది ఇప్పుడు మా ముందుగది బల్లమీద ఉంది. మొన్న ఎవరో చుట్టాలు వచ్చి, దాన్ని చూస్తూ మామూలు ప్రశ్నే వేశారు: "మీ అమలాపురానికి రైలు ఎప్పుడండీ?"

"వస్తుందటండీ" అనబోయి ఆగాను. గౌతమిలో స్తంభాలు ఎందాకా వచ్చాయో, ఏ పాయమీద పని ఏమైందో, నాకు తెలిసినంతా వరసగా చెప్పాను. వాళ్లు కాఫీ చల్లారిపోతున్నా వింటూ కూర్చున్నారు. లోపలనుంచి అత్తయ్య కేకేసింది: "ఒరేయ్, కాస్త గట్టిగా చెప్పు, నేనూ వింటాను."