నాయన సముద్రం చూసిన రోజు

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. తుంగభద్ర దిగువ కాలువకు తోక చివర మా చేను. అందుకే మా ఇంట్లో నీళ్లంటే ఎప్పుడూ లెక్కలే. ఎన్నిరోజులు వదిలారు, ఎవరి తర్వాత ఎవరి వంతు, పైన ఎన్ని మోటార్లు పెట్టారు... డెబ్భై ఏళ్లు దాటినా మా నాయనకు ఇదే ప్రపంచం. 2024 ఆగస్టులో హోస్పేట డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడైతే టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు. 'నీళ్లన్నీ పోతాండాయి రా' అని ఒకటే గొణుగుడు.

అలాంటి మనిషిని ఆ డిసెంబరులో సముద్రానికి తీసుకెళ్లాను. బాపట్లకు కాదు, గోకర్ణానికి. ఆదోని వాళ్లకు తూర్పు సముద్రమెంత దూరమో, పడమటిదీ ఇంచుమించు అంతే. బళ్లారి, హోస్పేట, హుబ్లీ మీదుగా వెళ్లి, ఘాట్ దిగితే చాలు. స్నేహితుడి బొలెరో అడిగి తెచ్చాను. గ్యాస్ పొయ్యి, బొరుగుల మూట, సజ్జరొట్టెలు, మంచినీళ్ల క్యాన్లు, ఎమ్మిగనూరు మగ్గం దుప్పట్లు, ఒక కొత్త గుడారం పైకెక్కించాను. గుడారం చూసి నాయన ముఖం మాడ్చుకున్నాడు.

'మిద్దె పెట్టుకుని గుడ్డ కింద పండుకునే కర్మేమి రా? మిరపకాయలు తెంపను పోయినోళ్ల మాదిరి!'

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. కరువొచ్చిన ఏడాదల్లా నాయనా అమ్మా కూడా గుంటూరు వైపు మిరప కోతలకు పోయి పట్టల కింద పడుకున్నవాళ్లే. నాకు సరదా అయింది వాళ్లకు జ్ఞాపకం. ఆ సంగతి గుడారం కొనేటప్పుడు తట్టలేదు.

రాత్రి ఎలాగో గోకర్ణంలో గదిలో పడుకున్నాం. తెల్లవారుతూనే ఇసుకలో పొయ్యి పెట్టి అమ్మ ఉగ్గాని చేసింది. ఎదురుగా కనుచూపు మేరా నీళ్లు. బొరుగులు తడపడానికి మాత్రం క్యాను వంచి చెంబుతో కొలిచి పోసుకోవాల్సి వచ్చింది! నాయన దోసిట్లో సముద్రాన్ని తీసుకుని నాలుకకు తగిలించి ఉమ్మేశాడు.

'ఎన్నుంటే ఏమి? మొక్కకు పొయ్యను పనికిరావు.'

మా బుడ్డోడు మాత్రం సూర్యుడు సముద్రంలోంచి రాలేదేమని అలిగాడు. ఇక్కడ పొద్దు కొండల వెనక నుంచి వస్తుంది, సముద్రంలోకి పోతుంది. సాయంత్రం చూపిస్తానని ఒప్పించాను.

అక్కడికి దగ్గర్లోనే తదడి. అఘనాశిని నది సముద్రంలో కలిసే చోటు. ఇంత పెద్ద ఏటికి ఎక్కడా పెద్ద డ్యాం లేదని చెప్పగానే నాయన బండి ఆపమన్నాడు. పోటు తగ్గి ఉంది. నడుం లోతు నీళ్లలో ఆడవాళ్లు ఆల్చిప్పలు ఏరుతున్నారు. మా సరిహద్దు ఊళ్ల వాళ్లందరిలాగే నాయనకు కన్నడం వచ్చు, కాకపోతే అది బళ్లారి కన్నడం. ఆ యాసకు నవ్వుకుంటూనే ఒకామె ఒడ్డుకొచ్చి మాట్లాడింది. ఈ నీళ్లన్నీ ఊరికే పోతున్నాయే, ఎవరూ ఆపరా అని అడిగాడు నాయన. ఆమె బుట్ట దించింది. తీపి నీళ్లూ ఉప్పు నీళ్లూ కలిస్తేనే ఈ చిప్పలు బతుకుతాయట. పైన ఆపేస్తే మేమేం తినాలి అంది. అక్కడి పొలాల్లో ఉప్పు నీటికి ఓర్చుకునే 'కగ్గ' అనే వరి కూడా ఉందని చెప్పింది. ఉప్పులో వరేమిటని నాయన రెండుసార్లు అడిగాడు. నమ్మినట్టు లేదు. బండెక్కాక చాలాసేపు మాట్లాడలేదు.

అక్కణ్నుంచి దక్షిణానికి జాతీయ రహదారి. హొన్నావర దగ్గర శరావతి మీద పొడవాటి వంతెన. జోగ్ జలపాతం దూకి వచ్చేది ఈ నదే, దీనికైతే పైన లింగనమక్కి డ్యాం ఉంది. మురుడేశ్వరంలో శివుడి పెద్ద విగ్రహం దగ్గర ఫొటోలయ్యాయి, జనం ఎక్కువ, ఎండ ఎక్కువ. భట్కళ్ దాటాక చెట్టు కింద అన్నం, వేరుశనగ పొడి. దారంతా నాయన అడిగింది ఒక్కటే... ఈ ఏర్లన్నీ యాడ పుట్టినాయని. మన తుంగా భద్రా పుట్టిన పడమటి కనుమల్లోనే అన్నాను. మనవి తూర్పుకు తిరిగాయి, ఇవి పడమటికి దిగాయి.

'ఇవి చూడు, పుట్టిన కాడి నుంచి అడుగు దూరమే. మనదానికి దారి పొడుగునా అడిగేటోళ్లే!'

పొద్దు దిగే వేళకు మరవంతె చేరాం. రోడ్డుకు ఒకపక్క సముద్రం, మరోపక్క సౌపర్ణిక. ఏరు ఇంత దగ్గరకొచ్చి, కలవకుండా మలుపు తిరిగి గంగొళ్లి దాకా పోతుంది. బుడ్డోడికి మాటిచ్చిన సూర్యాస్తమయం దొరికింది. రాత్రి ఒక కొబ్బరితోట ఆయనకు కొంత డబ్బిచ్చి గుడారం వేశాను. లోపలికి రాననుకున్న నాయన గాలి పెరిగేసరికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ నవ్వింది.

'పట్ట కంటే మేలే. కారదు' అంది.

నిద్ర పట్టే వేళకు నాయన చీకట్లోనే అన్నాడు: 'ఆ చిప్పలామె చెప్పింది నిజమే రా. అట్లని మన చేను ఎండితే ఎట్ల?' నా దగ్గర జవాబు లేదు. ఇంతలో ఫోను మోగింది. ఊరి నుంచి పక్క చేను రైతు. కాలువకు నీళ్లొదిలారట. మా వంతు ఎల్లుండి రాత్రి. రెండెకరాల మిరప ఆఖరి తడి కోసం చూస్తోంది.

మర్నాడు ఉడిపి చూడాలనుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచేసరికి నాయన అప్పటికే గుడారం మేకులు పీకుతున్నాడు. మంచుకు తడిసిన గుడ్డను దులిపి, మిరప పట్టను మడిచినట్టే నాలుగు మడతలు వేసి నా చేతికిచ్చాడు.

'దీన్ని బాగా ఎండబెట్టు. కళ్లంలో కాయలు ఆరబోసినప్పుడు కావలి పండుకునేకి పనికొస్తుంది.'