గ్రామం, ఊరు, ఊట

వేసవి సెలవులకు బెంగళూరు నుండి గుమ్మఘట్టకు వచ్చిన పన్నెండేళ్ళ మనుమడు, గీతాపారాయణ ముగించి అరుగుపై కూర్చున్న తాతగారిని ఒక సాయంకాలం ఇలా అడిగాడు: "తాతా, ఊరోడు అంటే తిట్టా?"

బడిలో అతని మాటతీరు విని తెలుగు పిల్లలు 'ఊరోడు' అనీ, కన్నడ పిల్లలు 'హళ్ళి గుగ్గు' అనీ ఏడిపిస్తున్నారట. అంతలోనే ఆ బాలునికి మరొక సందేహం కలిగింది. "సినిమా చూసి ఊరమాస్ అంటారు కదా, అదేమో పొగడ్త. రెంటిలోనూ ఊరే ఉంది కదా తాతా?"

ముప్పై సంవత్సరాలకు పైగా తెలుగు బోధించి పదవీవిరమణ చేసిన ఆ పెద్దాయనకు ఈ ప్రశ్న ప్రియమైనదే. శబ్దార్థ విచారణ ఆయనకు నిత్యవ్యసనం.

'గ్రామ' శబ్దానికి సంస్కృతంలో సమూహమన్న అర్థం కూడా ప్రసిద్ధమని ఆయన వివరించారు. గీత అష్టమాధ్యాయంలో 'భూతగ్రామం' అంటే ప్రాణికోటి సమూహం. అది బ్రహ్మదేవుని పగటివేళ ఉద్భవించి, రాత్రివేళ లీనమవుతుంది. ద్వాదశాధ్యాయంలో నియమించవలసినదిగా చెప్పబడిన 'ఇంద్రియగ్రామం' అంటే ఇంద్రియ సముదాయం. సంగీతశాస్త్రంలో షడ్జగ్రామ, మధ్యమగ్రామాలు స్వరసముదాయాలు. శతపథబ్రాహ్మణంలో మనువంశీయుడైన శర్యాతుడు తన గ్రామంతో కలసి సంచరించాడని ఉంది. అంటే ఆనాటి గ్రామం కదలిపోగలిగినది, కలసి నడిచే జనం. అటువంటి రెండు జనసమూహాలు తలపడటమే 'సంగ్రామ' శబ్దానికి మూలమని పండితులు వ్యాఖ్యానిస్తారు. కాలక్రమాన నడిచే జనం నిలిచిన చోటికే ఆ పేరు స్థిరపడింది. అమరకోశం గ్రామానికి పర్యాయంగా 'సంవసథం' అన్నది. కలసి వసించే చోటు అని దాని భావం.

"మరి ఊరు?" అన్నాడు బాలుడు.

"ఊరు మన దేశ్యపదం నాయనా. నామవాచకంగా అది నివాసం. క్రియగా అయితే నీరు ఊరడం. ఈ రెండూ ఒకే ధాతువు నుండి వచ్చాయని చెప్పలేం. అయినా ఈ సీమలో ఆ రెంటినీ విడదీసి చూడటం కష్టం. మన మండలంలోని ఊళ్ళ పేర్లు చూడు: రంగసముద్రం, భూపసముద్రం, పూలకుంట, గోనబావి, తాళ్ళకెర. కెర అంటే కన్నడంలో చెరువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, పూర్వులు చెరువు తవ్వి సముద్రమని పేరుపెట్టి, ఆ పేరునే ఊరికిచ్చారు. వేదవతిపై భైరవానితిప్ప ఆనకట్ట 1961లో పూర్తయింది. అదీ నిండిన ఏడు పండుగే, నిండని ఏడు నిట్టూర్పే."

బాలుడు తృప్తి చెందాడు. తాతగారికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాను చెప్పని అర్థం ఒకటి మిగిలిపోయింది. అది 'గ్రామ్యం'.

ఆలంకారికులు గ్రామ్యతను కావ్యదోషాలలో చేర్చారు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు భాషను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలని నాలుగు విధాలుగా విభజించి, లక్షణవిరుద్ధమైనదాన్ని గ్రామ్యమన్నది. గిడుగు రామమూర్తి (1863–1940) జనవ్యవహారంలోని భాషకై జీవితమంతా పోరాడినప్పుడు, ప్రతిపక్షులు ఆయనపై ప్రయోగించిన నిందాపదం కూడా అదే. ఆ చరిత్రంతా పాఠంగా చెప్పిన ఉపాధ్యాయుడే, ఒకనాడు తరగతిలో ఎర్రసిరా కలం పట్టుకున్నాడు.

'మా బావి' అనే వ్యాసంలో ఒక విద్యార్థి "బాయిలో నీళ్ళు రొంత రొంత ఊర్తాండాయి" అని వ్రాశాడు. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి, పక్కన 'గ్రామ్యం' అని వ్రాసి, తరగతిలో బిగ్గరగా చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాని ఇల్లు ఊరిలో లేదు, ఊరవతలి వాడలో ఉంది. 'ఊరూ వాడా' అని జంటగా పలికే నాలుకే ఆ రెంటి నడుమ గీత గీసింది. గ్రామం తనలో లెక్కించని బాలుని పలుకుకు, గ్రామానికి చెందినదన్న పేరే నిందగా తగిలించడం ఎంతటి వైపరీత్యమో ఆనాడు ఆయనకు తోచలేదు. సంవసథమన్న శబ్దానికి అర్థం చెప్పిన నోటితోనే ఆయన ఆ పని చేశారు.

మరునాటి ఉదయం మనుమని చేయి పట్టుకొని ఆయన వాడకు వెళ్ళారు. అదే ఊరిలో పుట్టి పెరిగిన ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే ప్రథమం. ఆనాటి విద్యార్థికి ఇప్పుడు తల నెరిసింది. గబగబా లేచి మంచం వాల్చాడు.

"ఆ వ్యాసం గుర్తుందా నాయనా?"

"గుర్తు లేకేం సార్. ఆ పొద్దు నుంచే కాగితం ముట్టాలంటే భయం. మళ్ళా ఏడు బడి మానేస్తి."

అతని స్వరంలో ఆక్రోశం లేదు. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. ఆ పెద్దాయన ఎన్ని సుభాషితాలు ఎరిగినవారైనా, ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు. "తప్పు నాదే" అని మాత్రం అనగలిగారు. అతడు మాట మార్చి, "మా బాయి నీళ్ళు తాగుతారా సార్?" అని సంకోచంగా అడిగాడు. ఒక జీవితకాలపు అలవాటు క్షణకాలం అడ్డుపడింది. తరువాత ఆయన చెంబు అందుకొని తాగి, మనుమనికీ ఇచ్చారు. జ్ఞాని సమదర్శి అని పంచమాధ్యాయాన్ని వేలసార్లు పారాయణ చేసిన కంఠంలోకి దాని అర్థం చుక్కగా దిగినది అప్పుడే.

సాధకుడు ఇంద్రియగ్రామాన్ని నియమించాలంటే ముందుగా తన అంతఃకరణంలో ఎవరిని ఊరిలో ఉంచాడో, ఎవరిని వెలుపల నిలిపాడో చూసుకోవలసి ఉంటుంది. అహంకారం తాను నివసించే చోటునే ఊరంటుంది, మిగిలినదంతా దానికి వాడ. ఆ గీత చెరగనంతవరకు పారాయణ శబ్దగ్రహణమే కాని అర్థగ్రహణం కాజాలదు. ఊట బావికి పైనుండి రాదు. పూడిక తీస్తే లోపలి నుండే ఊరుతుంది.

తిరుగుదారిలో బాలుడు మళ్ళీ అడిగాడు. "ఊరోడు అంటే తిట్టా, కాదా? నిన్న నువ్వు చెప్పనేలేదు తాతా."

"మాటలో తిట్టు లేదు నాయనా. ఆ మాటను తిట్టుగా మార్చినవాళ్ళున్నారు. వాళ్ళలో మీ తాత కూడా ఒకడు."

ఓం తత్సత్.