చూసే కన్ను

దిసమొల, బరిబాతల, నగ్నం, దిగంబరం. మాటలు నాలుగైనా సంగతి ఒకటే, ఒంటిమీద బట్ట లేదని. కాని మన భాష గడుసుది. ఏ మాట ఎక్కడ వాడాలో దానికి బాగా తెలుసు. వానలో గంతులేసే రెండేళ్ళ బుడతడు బరిబాతల. వాణ్ణి చూసి వీధంతా నవ్వుతుంది. దొంగలు దోచుకుని వదిలేసిన మనిషి దిసమొల. అతన్ని చూసి అందరూ మొహం తిప్పుకుంటారు. శివుడు దిగంబరుడు, ఆయనకి దిక్కులే బట్టలు కనక చేతులెత్తి దణ్ణం పెడతాం.

కెన్నెత్ క్లార్క్ అనే ఇంగ్లీషు పండితుడు 1956లో ఈ విషయం మీద ఒక లావుపాటి పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో నేకెడ్ వేరు, న్యూడ్ వేరు అన్నాడాయన. మొదటిది బట్టలు పోయి ముడుచుకుపోయిన మనిషి అవస్థ. రెండోది చిత్రకారుడు తీర్చిదిద్దిన, నిబ్బరంగా నిలబడ్డ రూపం. పాపం, అంత పుస్తకం రాయాల్సి వచ్చింది! మా అమ్మమ్మనడిగితే తమలపాకు నములుతూ చెప్పేసేది.

అయితే ఇదంతా మాటల్లో తేలికే. ఇంట్లో ఆడపిల్ల బొమ్మల చదువు చదువుతానన్నప్పుడు తెలుస్తుంది దీని బరువు.

మా మెదక్‌లో బొమ్మ అనగానే ముందు గుర్తొచ్చేది చర్చి కిటికీల అద్దాల మీది బొమ్మలు. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర, కరువులో జనానికి ఇంత కూలీ, ఇంత తిండి దొరకాలని 1914లో మొదలుపెట్టించిన కట్టడం అది. పదేళ్ళు పట్టి 1924 డిసెంబరు 25న తెరిచారు. గోపురం ఎత్తు 175 అడుగులు. కిటికీల రంగుటద్దాల బొమ్మలు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. బయట ఎండ కాస్తేనే అవి లోపల వెలుగుతాయి. పొద్దుగుంకితే రంగులన్నీ మాయం. అందులో ఒక కిటికీలో శిలువమీద క్రీస్తు ఉన్నాడు. నడుముకి ఒక్క గుడ్డ పీలిక తప్ప ఒంటిమీద ఏమీ లేదు. ఆదివారాలూ పండగలూ ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చంకన పిల్లల్ని వేసుకుని వస్తారు, ఆ బొమ్మకేసి చూస్తారు. చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళున్నారు గాని, సిగ్గుతో తలవంచుకున్న ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు. ఆ ఒంట్లో వాళ్ళకి కనబడేది నొప్పి.

ఆ చర్చిల లోకంలోనే ఇంకో వింత జరిగింది. రోము నగరంలో సిస్టీన్ చాపెల్ గోడమీద మైకెలాంజెలో 1541లో అంతిమ తీర్పు బొమ్మ పూర్తిచేశాడు. తీర్పునాడు దేవుడి ముందుకు బట్టలు కట్టుకుని ఎవరు పోతారని ఆయన ఉద్దేశం. మనుషుల్లో చాలామందిని పుట్టినప్పటి వేషంలోనే వేశాడు. పెద్దలకి అది నచ్చలేదు. ఆయన పోయాక, 1565లో, డానియేలె ద వోల్టెర్రా అనే చిత్రకారుణ్ణి నిచ్చెన ఎక్కించి ఆ బొమ్మలకి గుడ్డలు వేయించారు. అతనూ మంచి చిత్రకారుడే. కాని లోకం అతని బొమ్మలన్నీ మరిచి, లాగులు కుట్టేవాడని పేరు పెట్టింది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు!

ఇక మా ఇంటి సంగతి. మా మేనకోడలు హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదువుతోంది. పోయిన సెలవులకి వస్తూ ఒక పుస్తకం తెచ్చింది, లక్ష్మా గౌడ్ బొమ్మల పుస్తకం. మా వదిన నాలుగు పేజీలు తిప్పి మంచంమీద దబ్బున కూలబడింది.

"గివేం బొమ్మలే పిల్లా, ఒంటిమీద నూలుపోగు లేకుండ! గిందుకేనా నిన్ను హైదరాబాదు పంపింది? మీ నాయన చూస్తె ఇంకేమన్న ఉన్నదా?"

"మెల్లగ అమ్మా! ఆయన మన జిల్లాయననే. పద్మశ్రీ గూడ ఇచ్చిండ్రు."

"ఇస్తె ఇచ్చిండ్రు. బట్టలు గూడ ఇయ్యకపోయిండ్రా?"

నేను నవ్వు ఆపుకోలేక చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయాను. కాని పిల్ల చెప్పింది నిజమే. లక్ష్మా గౌడ్ 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టాడు. హైదరాబాదులో చదివి, 1963లో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాడు. తిరిగొచ్చి పెద్ద పెద్ద దేవతల బొమ్మలు వెయ్యలేదు. తన పల్లెనే గీశాడు. రాగిరేకుమీద సన్నని గీతలు గీకి, ఆమ్లంతో తినిపించి, సిరా పూసి కాగితంమీద అచ్చొత్తే పని ఆయనకి కొట్టిన పిండి. 1970ల నాటి ఆ బొమ్మల్లో మనుషులూ మేకలూ చెట్లూ ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినట్టుంటాయి. కోరిక ఉంది, దాన్ని దాచలేదు. 2016లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మన జిల్లా మూడు ముక్కలైందీ ఆ ఏడాదే.

చాయ్ చేతికిచ్చి వదిననడిగాను. "మీ అమ్మమ్మ రవిక తొడిగేదా వదినా?"

"ఏడ తొడిగేది! పైట బిగించి నాట్లేసేది."

"ఎవరన్నా ఏమన్నా అనేటోళ్ళా?"

"ఎవరంటరు? ఆ కాలం ముసలోళ్ళందరు గట్లనే ఉండె."

అని, తన మాట తనకే వినబడినట్టు కాసేపు ఊరుకుంది. ఎండలో ఒంగి పనిచేసే మనిషి ఒళ్ళు మట్టిలాంటిది, చెట్టులాంటిది. దానికి సిగ్గు నేర్పింది టౌన్లో కాపరం పెట్టిన మనమే. లక్ష్మా గౌడ్ గీసింది ఆ నేర్పకముందరి ఒళ్ళని. అందరికీ నచ్చాలని లేదు. నాకూ కొన్ని బొమ్మలు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. కాని వాటిలో వెక్కిరింత లేదు, అమ్మకం లేదు. సబ్బు ప్రకటనలో తడిచీర కట్టుకుని నిలబడ్డ పిల్లని చూడండి. ఆమె ఒంటిమీద ఆరు గజాలుంటాయి. అయినా ఆ బొమ్మ గీసిన కన్ను ఆమెని ఎప్పుడో వలిచేసింది!

అసలు చిక్కంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. వందల ఏళ్ళు చూడబడే పని ఆడదానికి, చూసే పని మగవాడికి. లండన్‌లో రాయల్ అకాడమీ 1768లో పెట్టినప్పుడు సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఆంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. నాలుగేళ్ళకి జొఫానీ అనే చిత్రకారుడు ఆ సభ్యుల్ని కలిపి ఒక బొమ్మ వేశాడు. మగవాళ్ళంతా నగ్నంగా ఉన్న మోడల్ చుట్టూ నిలబడి ఉంటారు. మరి ఆ ఇద్దరూ? గోడకి తగిలించిన పటాల్లో ఉంటారు! మోడల్ ఉన్న గదిలోకి ఆడవాళ్ళు రాకూడదు కదా. మనిషి ఒళ్ళు చూసి గీయడం నేర్వకపోతే పెద్ద చిత్రాలు వెయ్యలేరు, వెయ్యలేదు కనక వాళ్ళు పెద్ద చిత్రకారులు కారు. ఎంత చక్కని లెక్క!

చివరికి 1893లో అక్కడి ఆడపిల్లలకి మగ మోడల్‌ని చూసి గీసే వీలు దొరికింది. అప్పుడు పెట్టిన నిబంధన వినండి. మోడల్ ముందు స్నానపు లాగు తొడగాలి. దానిమీద తొమ్మిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పలచని గుడ్డ నడుముకి చుట్టి, కాళ్ళ మధ్యనుంచి తీసి దోపాలి. అది జారకుండా పైన తోలు బెల్టు కట్టాలి. చదవగానే నాకు మన పంచె గోచీ గుర్తొచ్చింది.

లారా నైట్ అనే ఆవిడకి చిన్నప్పుడు బొమ్మల బడిలో ఆ వీలు కూడా లేదు. 1913లో ఆవిడ తన బొమ్మ తానే వేసుకుంది. ఎర్రకోటు తొడుక్కుని, మనకి వీపు చూపిస్తూ, దిసమొలగా నిలబడ్డ స్నేహితురాలిని చూసి బొమ్మ గీస్తున్నట్టు. అకాడమీ ఆ బొమ్మని తిప్పికొట్టింది. 1936లో ఆవిడనే పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. ఇవాళ ఆ బొమ్మ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. 1989లో న్యూయార్కులో గెరిల్లా గర్ల్స్ అనే ఆడవాళ్ళ బృందం మెట్రొపాలిటన్ మ్యూజియంలో లెక్క తీసింది. ఆధునిక చిత్రాల విభాగంలో ఆడ చిత్రకారులు నూటికి అయిదుగురు కూడా లేరు. నగ్న చిత్రాల్లో మాత్రం నూటికి 85 ఆడవాళ్ళవే. మ్యూజియంలోకి పోవాలంటే ఆడది బట్టలు విప్పాలా అని వాళ్ళు పోస్టర్ వేసి అడిగారు.

మా మేనకోడలు ఇంకో బొమ్మ కూడా చూపించింది. రెంబ్రాంట్ 1654లో వేసిన బత్షెబ. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బైబిలు కథే: ఊరియా భార్య స్నానం చేస్తుంటే దావీదు రాజు మేడమీదనుంచి చూసి కబురు పంపాడు. బొమ్మలో ఆమె బట్టలు లేకుండా కూచుని ఉంది, చేతిలో ఉత్తరం. దీనికి మోడల్ రెంబ్రాంట్‌తో కలిసి బతికిన హెండ్రిక్యె స్టోఫెల్స్ అంటారు. పెళ్ళి లేకుండా కాపరం చేస్తోందని ఆ ఏడాదే చర్చి పెద్దలు ఆమెని పిలిపించి శిక్ష వేశారు. రెంబ్రాంట్‌కి మాత్రం శిక్ష లేదు లెండి!

వదిన ఈసారి పుస్తకం మూసెయ్యలేదు. దగ్గరికి లాక్కుని చూసింది.

"ఆ పిల్ల మొహం చూడు, ఎంత దిగులుగున్నదో. రాజు పిలిస్తె పోనని అననీకి ఉంటదా?"

మా మేనకోడలు నాకేసి చూసింది. వాళ్ళమ్మ మొదట చూసింది మొహం.

ఈ బొమ్మకి ఇంకో కథ ఉంది. 1983లో ఇద్దరు వైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు, బత్షెబ ఎడమ రొమ్ముమీద నీడలా కనిపించే గుంట కేన్సరు గుర్తు కావచ్చని. కాదన్నవాళ్ళూ ఉన్నారు, హెండ్రిక్యె ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆ వాదం ఎలా తేలినా, రెంబ్రాంట్ ఆ నీడని దాచలేదు, సొగసుకోసం నున్నగా దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు శ్రద్ధగా చూశాడు. మూడు వందల ఏళ్ళ తరవాత ఒక డాక్టరు ఆ శ్రద్ధని అందుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. రొమ్ములో గడ్డ కాసి రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. మగడాక్టరుకి ఎట్లా చూపిస్తాం అంది. అసలు మొదట్లో తనే చూసుకోలేదు. చీకటి స్నానాలగదిలో, తడిచీరలోనే బట్ట మార్చుకునే అలవాటు. ఒళ్ళు దాచడం నేర్పారు గాని దాన్ని చూసుకోవడం ఎవరూ నేర్పలేదు. తెలిసేసరికి ఆలస్యమైంది. ఆమెని చంపింది జబ్బొక్కటే అంటే నేనొప్పుకోను. సిగ్గుకీ అందులో సగం వాటా ఉంది.

అందుకే పిల్లల్ని బొమ్మల దగ్గర కళ్ళు మూసుకోమనకండి. ఇది ఎవరు గీశారు, ఎందుకు గీశారు, ఇందులో మనిషి ఉందా, సరుకుందా అని అడగడం నేర్పండి. అట్లా అడగడం వచ్చిన పిల్ల తడిచీర ప్రకటన చూసి మోసపోదు, క్రీస్తు గాయాన్ని చూసి మొహం తిప్పుకోదు. మీరూ ఈ ఆదివారం తలంటుకునేటప్పుడు దీపం వేసుకుని, అద్దంలో మీ ఒంటిని ఒకసారి తీరిగ్గా చూసుకోండి. కొత్తగా గడ్డగానీ, గుంటగానీ కనబడితే మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మా వదిన పోయిన నెలలో వెళ్ళొచ్చింది. ఏమీ లేదన్నారట.