గుడిమెట్ల గుట్ట మీద గ్రాండ్ కాన్యన్ రిహార్సల్

ఏప్రిల్ ఎండలో పది కేజీల బ్యాగు వీపున తగిలించుకుని, పనీపాటా లేకుండా గుట్ట ఎక్కి దిగేవాణ్ణి చూస్తే చందర్లపాడులో ఎవరైనా ఒకటే అనుకుంటారు. అమెరికాలో ఏదో తేడా కొట్టి వచ్చాడని. మా అమ్మకి అదే భయం. పక్కింటి పిన్నికి మాత్రం ‘మోకాళ్ళకి డాక్టరు చెప్పాడంట’ అని కవర్ చేసింది.

అసలు సంగతి ఇది. నేనుండేది అరిజోనాలోని చాండ్లర్లో. (చాండ్లర్ నుంచి చందర్లపాడు... అవును, ఆ జోకు ఇప్పటికే అందరూ వేసేశారు.) అక్కణ్ణుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి కారులో నాలుగు గంటలు. 2023 మే నెలాఖరులో నలుగురం ఫ్రెండ్స్ ప్లాన్ వేశాం. సౌత్ కైబాబ్ ట్రైల్లో దిగి, అడుగున కొలరాడో నది నీళ్ళు ముట్టుకుని, బ్రైట్ ఏంజెల్ ట్రైల్లో పైకి రావాలి. మొత్తం 26 కిలోమీటర్లు, ఒక్క రోజులో. ఎండాకాలంలో ఈ పని చేయొద్దని పార్కు వాళ్ళు బోర్డులు పెట్టి మరీ బతిమాలతారు. మేం ఆ బోర్డులు వేరేవాళ్ళ కోసం అనుకున్నాం. నందిగామ, జగ్గయ్యపేట వైపు మేలో 44, 45 డిగ్రీల్లో క్రికెట్ ఆడినోళ్ళం, మాకు అరిజోనా ఎండ ఒక లెక్కా?

ఆ హైక్ ఎంత కష్టమో మనకి అర్థమయ్యే లెక్కలో చెప్తా. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఎత్తులో చూస్తే గ్రాండ్ కాన్యన్ అడుగు నుంచి పైకి ఎక్కడమంటే దాదాపు రెండు తిరుమలలు, 1,335 మీటర్లు. పైగా ఇది తిరగేసిన కొండ. ముందు హాయిగా దిగుతాం, పొద్దున చల్లగా ఉంటుంది, ఒంట్లో ఓపికుంటుంది. తీరా మధ్యాహ్నమయ్యి, కాళ్ళు అయిపోయాక, అప్పుడు మొదలవుతుంది ఎక్కడం. కొండయితే చేతకాకపోతే దిగిపోవచ్చు. ఇక్కడ చేతకాకపోయినా ఎక్కాల్సిందే. దారిలో నిమ్మసోడా బండ్లు, జామకాయలమ్మే అవ్వలు ఉండరు. సౌత్ కైబాబ్ దారిలోనైతే చుక్క నీళ్ళు దొరకవు. వెయ్యి అడుగులు దిగితే మూడు డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. పైన స్వెటరు వేసుకుని బయల్దేరినోడు అడుక్కి వెళ్ళేసరికి పొయ్యిలో ఉంటాడు. జులైలో అక్కడ సగటున 41 డిగ్రీలు, అదీ నీడలో.

అక్క పెళ్ళికి ఏప్రిల్లో మూడు వారాలు ఇంటికి రావడం కలిసొచ్చింది. ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని, ఆ అలవాటు నెలలోపు చాలావరకు పోతుందని చదివాను. ఏసీ ఆఫీసు, ఏసీ కారు, ఏసీ ఇల్లు – చాండ్లర్లో నాకసలు ఎండ తగిలేది పార్కింగులోనే. అందుకే బండేసుకుని గుడిమెట్ల పోయా. మా మండలంలోనే, కృష్ణ ఒడ్డున. కాకతీయుల కాలంలో ఛాగి వంశపు రాజులు రాజధాని చేసుకున్న ఊరు. ఇప్పుడు కోట ఆనవాళ్ళు, గుట్ట, కింద ఏరు. నాకు కావాల్సింది కూడా గుట్ట, ఏరే.

మూడో రోజే దెబ్బ తిన్నా.

లేచేసరికి లేటయింది, పదింటికి ఎక్కడం మొదలుపెట్టా. తెలివైనవాణ్ణి కాబట్టి నీళ్ళకి లోటు చేయలేదు. గంటన్నరలో మూడు లీటర్లు తాగేశా, ఉత్త మంచినీళ్ళు. దిగి మా పొలం దగ్గరికొచ్చేసరికి తల పగిలిపోతోంది, వేళ్ళు ఉబ్బాయి, కడుపులో తిప్పుతోంది. కల్లం పక్కన వేపచెట్టు కింద కూలబడ్డా. ఆడవాళ్ళు మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళల్లో పెద్దావిడ లేచొచ్చింది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి.

‘ఏంది బాబూ, ఈ ఎండన మూటేసుకుని తిరగతన్నావు? నీళ్ళు తాగావా?’

‘మూడు లీటర్లు తాగా.’

‘ఉప్పో?’

నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ సత్తుగిన్నెలోంచి చద్దన్నం, మజ్జిగ, ఉప్పు, పచ్చిమిరపకాయ కలిపి పెట్టింది. ‘కొంచెం కొంచెం తిను’ అంది. నా టీషర్టు ఎత్తి తల మీద తడిగుడ్డ వేసింది. సాయంత్రానికి మనిషినయ్యా.

ఆ రాత్రి ఫోన్లో చదివితే తెలిసింది. చెమటతో పాటు ఉప్పు పోతుంది. ఆ ఉప్పు పెట్టకుండా ఉత్త నీళ్ళే పోస్తూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. గ్రాండ్ కాన్యన్ రేంజర్లు ప్రతి ఎండాకాలం చూసే కేసుల్లో ఇదొకటి. చూడ్డానికి వడదెబ్బ లాగే ఉంటుంది కాబట్టి పక్కనోళ్ళు ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది ఇంకా ప్రమాదం. నాకొచ్చింది అదేనా, మామూలు ఎండ దెబ్బేనా అని టెస్టులు చేయించుకోలేదు. భయం మాత్రం పట్టుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2015 మే నెల గుర్తుందా? ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. నేనప్పుడు ఇంజినీరింగులో ఉన్నా, హాస్టల్లో ఫ్యాను తిరగట్లేదని వార్డెన్ మీద గొడవ చేస్తున్నా. మా పొలానికొచ్చే తాత ఆ నెలలోనే మధ్యాహ్నం గట్టు మీద పడిపోయి మళ్ళీ లేవలేదు. నాకు అన్నం కలిపి పెట్టినావిడ ఆయన భార్య. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. నాకు అమ్మ గుర్తుచేసింది.

మర్నాటి నుంచి కోచింగు మారింది. కూలీలు ఎట్టా చేస్తారో అట్టా. తెల్లారుజామున ఐదింటికి మొదలు, పదకొండు లోపు చెట్టు కిందకి. చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుంటారే, అది ఫ్యాషన్ కాదు, ఎండకి గొడుగు. నేనూ నాన్న పాత కాటన్ చొక్కా ఒకటి తీసుకున్నా. చలి కొండల్లో కాటన్ తడిస్తే ప్రమాదమంటారు కానీ, ఎడారిలో తడి కాటన్ చొక్కాని మించిన ఏసీ లేదు. తాగే ప్రతి లీటరుతో పాటు ఉప్పుది ఏదో ఒకటి తినడం నేర్చుకున్నా. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందు భాగానికి కొట్టుకుంటాయి కాబట్టి గోళ్ళు కత్తిరించుకోవడం కూడా గుట్టే నేర్పింది.

మా ఊరి ఎండకీ అక్కడి ఎండకీ తేడా ఒకటుంది. ఇక్కడ చొక్కా పిండితే నీళ్ళు కారతాయి, చెమటే హెచ్చరిస్తుంది. అరిజోనాలో గాలి ఎంత పొడంటే చెమట పట్టినట్టే తెలీదు. గంటకి లీటరు పోతున్నా చర్మం పొడిగానే ఉంటుంది. చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కనిపించాక గానీ అర్థం కాదు.

మే నెలాఖరున బ్యాగులో ఇవి ఉన్నాయి: ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పు పల్లీలు, చెక్కలు, రెండు డబ్బాల పులిహోర. (హైకింగ్ వీడియోల్లో చెప్పే ఎనర్జీ బార్లు ఎండకి కరిగి కవరుకి అంటుకుంటాయి. చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెక్కుచెదరదు.) నలుగురి మధ్యా వాదన అయ్యాక ప్లాన్ కూడా మార్చాం. నీళ్ళు దొరికే బ్రైట్ ఏంజెల్ దారిలోనే దిగి, అదే దారిలో రావాలని. పైప్‌లైన్ తరచూ పగులుతుంటుంది కాబట్టి ఏ కుళాయి పనిచేస్తోందో ముందురోజే చూసుకున్నాం.

నాలుగున్నరకి హెడ్‌ల్యాంపులతో దిగితే ఏడుంపావుకల్లా హవసుపాయ్ గార్డెన్స్ చేరాం. ఏడు కిలోమీటర్లు పైన, చెట్లు, సన్నటి వాగు. నది ఇంకో ఐదు కిలోమీటర్లు. ‘ఐదేగా, గంటన్నర!’ అన్నాడు మాలో ఒకడు. ఎనిమిది నెలలుగా వాడి ఫోన్ వాల్‌పేపర్ ఆ నదే. వెళ్ళేది గంటన్నరే, తిరిగి ఇక్కడికి ఎక్కొచ్చేసరికి పన్నెండవుతుంది అన్నా. మాట పెరిగింది. పదింటి నుంచి నాలుగింటి దాకా లోయలో నడవొద్దని పార్కు నియమం లాంటి సలహా. నేను బ్యాగు దించి చెట్టు కింద కూర్చున్నా. మిగతా ఇద్దరూ కూర్చున్నారు. వాడు కాసేపు నిలబడి, కూర్చున్నాడు. మాతో మాట్లాడలేదు.

పన్నెండున్నరకి నది వైపు నుంచి ఒకతను వచ్చాడు. మా వయసే, మాకంటే గట్టిమనిషి. బూట్లతోనే వాగులో కూర్చుండిపోయాడు. పేరడిగితే రెండు నిమిషాలకి చెప్పాడు. రేంజర్ వచ్చి చూసుకుంది. అలిగినవాడు అప్పుడు పులిహోర డబ్బా మూత తీశాడు.

నాలుగింటికి చొక్కాలు, టోపీలు వాగులో ముంచి ఎక్కడం మొదలుపెట్టాం. అరగంటలో ఆరిపోయాయి. కుళాయి దొరికిన ప్రతిచోటా మళ్ళీ తడిపాం. పైకొచ్చేసరికి ఎనిమిదిన్నర, చలికి వణుకు.

అమ్మకి వీడియో కాల్ చేశా. ‘ఏరు ముట్టుకున్నావా?’ అంది. లేదన్నా. ‘మన ఏరుంది కదరా’ అని, ఫోన్ పెద్దావిడకి చూపించడానికి కల్లం వైపు నడిచింది.

రాత్రి అడుగున ఉండాలంటే పర్మిట్ కావాలి. నవంబరుకి అప్లై చేశాం. ఫారం నింపింది అలిగినవాడే.