మ్యాక్‌లో విండోస్: సీటీసీలోని ఒక మరమ్మతు బల్ల దగ్గర

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ విడిభాగాలకు పేరుపడిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే పిలుస్తారు. అందులో మ్యాక్‌లు బాగుచేసే ఒక చిన్న దుకాణానికి, ట్యాలీ వంటి విండోస్ ప్యాకేజీల కోసం మ్యాక్‌లోనే విండోస్ వేయించుకున్నవారి యంత్రాలు కూడా వస్తుంటాయి. ఆపిల్ సంస్థ 2006లో పరీక్షార్థం విడుదల చేసిన బూట్ క్యాంప్ అనే సాధనం డిస్కును విభజించి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ చోటు కల్పిస్తుంది. 2020 చివర ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌లలో ఈ సదుపాయం లేనందున, ఇక్కడ ఈ తరహా పని అంతా ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌ల మీదనే సాగుతుంది.

సందర్శన సమయంలో బల్ల మీదున్న మ్యాక్‌బుక్ ప్రోలో, మ్యాక్ వైపు చక్కగా పనిచేస్తున్న బ్లూటూత్ విండోస్ వైపు అసలు కనిపించడం లేదు. "చిప్ పోలేదండీ, పోతే రెండు వైపులా పోవాలి కదా" అని మెకానిక్ యజమానికి చెప్పిన మాటలోనే రోగనిర్ణయం పూర్తయింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆజ్ఞలను ఫలానా చిప్‌కు అర్థమయ్యే రీతిలో అందించే దుబాసీ వంటి ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. చిప్ గుర్తింపు సంఖ్య సరిపోలితేనే విండోస్ దాన్ని వాడుతుంది కనుక, వేరే ల్యాప్‌టాప్ కోసం తయారైన డ్రైవర్, చిప్ తయారీదారు ఒక్కరే అయినా, ఇక్కడ అతకకపోవచ్చు. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లోని పసుపు హెచ్చరిక గుర్తు సూచించినది ఇటువంటి లోపాన్నే. మెకానిక్ మ్యాక్ వైపు బూట్ క్యాంప్ అసిస్టెంట్ మెనూ నుంచి ఆ మోడల్‌కు తగిన విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దింపి, విండోస్‌లో పాత డ్రైవర్‌ను ఫైళ్లతో సహా తొలగించి, కొత్తదాన్ని ఎక్కించి యంత్రాన్ని రీస్టార్ట్ చేశారు. అంతవరకు బ్లూటూత్ కీబోర్డు పనిచేయదు కాబట్టి తీగ ఉన్న యూఎస్‌బీ కీబోర్డును దగ్గర ఉంచుకున్నారు.

ఆ తరువాత ఎదురైన చిక్కు ఇంతకంటె లోతైనది. విండోస్‌కు జతచేసిన కీబోర్డు మ్యాక్‌లోకి రాగానే పలకడం మానేసింది. బ్లూటూత్ పరికరాలు జతకట్టేటప్పుడు లింక్ కీ అనే 128 బిట్ల రహస్య సంఖ్యను రెండు చివరలా భద్రపరచుకుంటాయి. చిప్ ఒక్కటే, దాని చిరునామా ఒక్కటే అయినందువల్ల విండోస్‌తో కుదిరిన కొత్త కీ కీబోర్డు జ్ఞాపకంలోని పాత కీని చెరిపేస్తుంది గాని, మ్యాక్ మాత్రం పాతదానినే పట్టుకొని కూర్చుంటుంది. ఈ సంగతి తెలియక బాగున్న కీబోర్డును మార్చుకోవడం నిజంగా విచారకరం. మ్యాక్ వైపు భద్రపరచిన కీని విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో రాయడం ఒక మార్గమే అయినా, రిజిస్ట్రీలో పొరపాటు జరిగితే విండోస్‌కే ముప్పు కనుక సామాన్య వినియోగదారుకు విడిగా ఒక యూఎస్‌బీ కీబోర్డే క్షేమం.

కొంతసేపటికి బ్లూటూత్ తెగిపోయే యంత్రాలలో, విద్యుత్ పొదుపు కోసం చిప్‌ను ఆపివేసే అనుమతిని డివైస్ మేనేజర్‌లోనే తీసివేసి చూస్తారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు బూట్ క్యాంప్‌లో అధికారిక మద్దతు లేదు. అందువల్ల దుకాణంవారు పనిచేసిన ప్రతి డ్రైవర్ ప్యాకేజీని మోడల్ సంఖ్య వారీగా ఒక హార్డ్ డిస్కులో భద్రపరుస్తున్నారు.