వఫ్రాలో వెలగబెట్టిన కథ

పోయిన చలికాలం వఫ్రా ఎడారిలో గుడారం వేశాం. జీపుకి కొత్తగా 120 వాట్ల ఎల్ఈడీ బారు బిగించాను మరి! "ఇదేమన్నా పెళ్ళి పందిరా?" అని మా ఆవిడ అన్నా వినకుండా, ఇంజను ఆపేసి నాలుగు గంటలు వెలగబెట్టాను.

12 వోల్టుల మీద 120 వాట్లంటే 10 ఆంపియర్లు. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 40 హారతి. లెక్కలతో బతికేవాణ్ణి, ఆ లెక్క తెల్లారి బండి కదలనప్పుడు వేశాను. పిల్లలకి మిగిలింది ఒక్క సీసా నీళ్ళు. తోటల వైపు అరగంట నడిస్తే, అక్కడ పనిచేసే రాయచోటి అతను పికప్ తీసుకొచ్చి, కేబుళ్ళు తగిలించి స్టార్ట్ చేశాడు.

"ఇంత లైటెందుకన్నా? అన్నం గిన్నె కనపడితే చాలదా?"

ఈసారి 18 వాట్లది కొన్నాను. దూరం కొట్టేది కాదు, చుట్టూ పరుచుకునేది. కళ్ళు పొడవని పసుపు వెలుగు. ఐపీ67 కాబట్టి ఇసుక దూరదు.

కేబుళ్ళు కూడా కొన్నాను లెండి.